డి డ్రైవ్ ఇ డ్రైవ్ అయిన రోజు: జొటేరోలో లింక్ ఫైళ్లతో మూడేళ్ల కాపురం

కిందటి వేసవిలో నా లాప్‌టాప్ మరీ నత్తనడక నడుస్తోందని రిపేరు షాపులో ఇచ్చాను. కొత్త ఎస్‌ఎస్‌డి వేసి, విండోస్ మళ్లీ ఎక్కించి, పాత డిస్కుని లోపలే ఉంచి ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే ఎడ్లబండి దిగి ఎక్స్‌ప్రెస్ బండి ఎక్కినట్టుంది. జొటేరో, అంటే చదివే పుస్తకాలు, వ్యాసాల వివరాలూ వాటి ఫైళ్లూ ఒకచోట సర్దుకునే సాఫ్ట్‌వేర్, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, నా అకౌంట్‌తో సింక్ కొట్టాను. ఆరువందల పైచిలుకు ఎంట్రీలూ వరసగా వచ్చి కూర్చున్నాయి. హమ్మయ్య అనుకుని 'హిందూసుందరి' పత్రిక పాత సంచిక ఒకటి డబుల్ క్లిక్ చేశాను. ఫైలు దొరకలేదంది. ఇంకొకటి నొక్కాను. అదీ లేదంది. ఇంకో పది నొక్కి చూసేసరికి అరచేతులు చల్లబడ్డాయి.

ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. షాపు వాళ్లు డిస్కు మార్చాక నా డి డ్రైవ్ కాస్తా ఇ డ్రైవ్ అయింది, అంతే. ఆ ఒక్క అక్షరం నాకు రెండు రోజుల నిద్ర, కొన్ని నెలల కష్టం ఖర్చు పెట్టించింది. దానికి జొటేరోని తప్పు పట్టను. సెట్టింగుల్లో ఒకే ఒక్క గడి నింపి ఉంటే ఇదేమీ జరిగేది కాదు, అది నింపనిది నేను. ఆ గడి గురించి చెబుదామనే ఈ రివ్యూ మొదలుపెట్టాను. మిగతావన్నీ దాని వెనకాలే వచ్చాయి.

నేనెవరో రెండు ముక్కలు. ప్రకాశం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. నలభై దాటాక పార్ట్‌టైం పీహెచ్‌డీలో చేరాను. నా విషయం తెలుగులో తొలినాటి స్త్రీల పత్రికలు: 1893 నాటి, రాయసం వెంకటశివుడు నడిపిన 'తెలుగు జనానా', 1902 నాటి 'హిందూసుందరి', 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి గారు మద్రాసు నుంచి తెచ్చిన 'గృహలక్ష్మి', ఆ వరస. ఈ రోజుల్లో రిసెర్చ్ అంటే చక్కగా టైపు చేసిన పది పేజీల జర్నల్ వ్యాసాలు అనుకునేవాళ్లు నా డిస్కు ఒకసారి చూడాలి. అన్నీ స్కాన్లే. కొన్ని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్‌ఐ) వాళ్లు స్కాన్ చేస్తే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికినవి, కొన్ని నేను ఫోనుతో తీసి పీడీఎఫ్ చేసుకున్నవి. ఒక్కో ఫైలు నలభై ఎంబీ, అరవై ఎంబీ. ఒక ఏడాది సంచికలన్నీ కలిపి బైండు చేసిన వాల్యూం అయితే రెండొందలు దాటిన రోజులున్నాయి.

లింక్ ఫైళ్ల కథ ఇక్కడే మొదలవుతుంది. జొటేరో ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకారుల కేంద్రం ఒకటి దీన్ని ఫైర్‌ఫాక్స్‌కి తగిలించే చిన్న పనిముట్టుగా మొదలుపెట్టింది. పేరు అల్బేనియన్ మాట నుంచి వచ్చిందట, పట్టు సాధించడమని అర్థం. పుస్తకాలు, వ్యాసాల వివరాలు ఎన్ని దాచుకున్నా పైసా అడగదు. ఫైళ్లు వాళ్ల సర్వర్‌లో పెడితే మాత్రం 300 ఎంబీ వరకే ఫ్రీ. నా లెక్కలో అది ఆరు స్కాన్లు. 2 జీబీ కావాలంటే ఏడాదికి 20 డాలర్లు, 6 జీబీకి 60, హద్దు లేకుండా కావాలంటే 120. యూనివర్సిటీ ఫెలోషిప్ ఉన్నవాళ్లకి ఇది పెద్ద సొమ్ము కాదేమో. నాకు ఫెలోషిప్ లేదు, పిల్లల ఫీజులున్నాయి.

జొటేరోలో ఒక ఎంట్రీకి ఫైలు రెండు రకాలుగా తగిలించొచ్చు. మొదటిది స్టోర్ చేయడం. అంటే ఆ ఫైలుకి ఒక కాపీ తీసి తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది. ఆ బీరువా పేరు 'స్టోరేజ్' ఫోల్డర్. దాన్ని తెరిచి చూస్తే ఎనిమిదేసి అక్షరాల, అంకెల పిచ్చి పేర్లతో వందల చిన్న ఫోల్డర్లు కనిపిస్తాయి, ఒక్కో దాంట్లో ఒక్కో ఫైలు. అది మన కోసం కాదు, దాని కోసం. రెండోది లింక్ చేయడం. ఫైలు మనం పెట్టిన చోటే ఉంటుంది. జొటేరో తన పుస్తకంలో 'ఫలానా డ్రైవ్, ఫలానా ఫోల్డర్, ఫలానా పేరు' అని చిరునామా మాత్రం రాసుకుంటుంది. ఎంట్రీ కింద పీడీఎఫ్ బొమ్మ మీద చిన్న గొలుసు గుర్తు కనిపిస్తే అది లింక్ ఫైలని అర్థం. మౌసుతో ఫైలుని లాక్కొచ్చి వదిలేటప్పుడు విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కి పట్టుకుంటే కాపీ బదులు లింక్ పడుతుంది. ఇది తెలియక మొదటి నెలంతా మెనూలు తిరిగాను.

లింక్ పద్ధతిలో నా స్కాన్లన్నీ నా ఫోల్డర్‌లో, నేను గుర్తుపట్టే పేర్లతో ఉంటాయి. జొటేరో లేకుండానే తెరవొచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, ఎవరికైనా పంపొచ్చు. సర్వర్ జాగా ఒక్క ఎంబీ కూడా తినవు. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ బీరువా తాళం మన చేతికొచ్చిందంటే కాపలా కూడా మనదే. నాకు ఆ రెండో సంగతి తట్టలేదు.

మళ్లీ ఆ వేసవికి వస్తాను. ఫైలు దొరకలేదన్నప్పుడు జొటేరో చూపించే పెట్టెలో, వెతికి చూపించమని ఒక బటన్ ఉంటుంది. నేను దాన్ని చూసి కూడా నమ్మలేదు. ఆరువందల ఫైళ్లకి ఆరువందల సార్లు వెతకాలా అనుకుని, నా సొంత తెలివి ఉపయోగించాను. పని చేయని అటాచ్‌మెంట్ డిలీట్ చేయడం, ఇ డ్రైవ్‌లోంచి అదే ఫైలు మళ్లీ లింక్ చేయడం. అలా రెండు రాత్రులు కూర్చుని 38 ఎంట్రీలు 'బాగు' చేశాను. చెత్త పోగవుతోందని ట్రాష్ కూడా ఖాళీ చేశాను. శుభ్రం కదా!

మూడో రోజు మా అక్క కొడుకు సెలవులకి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎప్పుడూ విండోస్ బదులు వాడే ఉబుంటు లైనక్స్ అంటూ తిరుగుతాడు. చూసి ముందు నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు.

"పిన్నీ, నువ్వు ఇల్లు మారావు, పోస్టాఫీసులో చెప్పలేదు. ఉత్తరాలు పాత ఇంటికే వెళ్తున్నాయి. దానికి ఇల్లు కూలిపోయిందని ఏడుస్తావేంటి?"

"మరి ఇప్పుడెలారా?"

"పాత ఇంటి నంబరే మళ్లీ పెడదాం."

విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ అనే చోటికి వెళ్లి, ఇ అని ఉన్న డ్రైవ్‌కి మళ్లీ డి అని అక్షరం మార్చాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను ముట్టుకోని లింకులన్నీ ఒక్కసారిగా బతికాయి. నేను బాగు చేసిన 38 మాత్రం ఇప్పుడు దొరకడం లేదు, ఎందుకంటే వాటికి ఇ అని చెప్పాను కదా. వాటిని మళ్లీ కలపడం పెద్ద పని కాలేదు. అసలు దెబ్బ వేరే ఉంది.

జొటేరో 2022లో 6వ వెర్షన్ నుంచి తన లోపలే పీడీఎఫ్ చదివే ఏర్పాటు ఇచ్చింది. అందులో మనం పసుపు రంగు గీసినా, పక్కన నోట్ రాసినా అది పీడీఎఫ్ ఫైలులోకి వెళ్లదు. జొటేరో డేటాబేస్‌లో ఆ అటాచ్‌మెంట్ కింద దాచిపెడుతుంది. ఇది చాలా మంచి పద్ధతి. లింక్ తెగినా గీతలు పోవు, ఫైలు మళ్లీ కలిపితే ఎక్కడివక్కడ కనిపిస్తాయి. ఫైళ్లు వాళ్ల సర్వర్‌కి వెళ్లకపోయినా గీతలు, నోట్సులు మాత్రం సింక్ అవుతాయి. అందుకే విండోస్ కొత్తగా ఎక్కించినా నా గీతలన్నీ తిరిగొచ్చాయి. కానీ అటాచ్‌మెంట్‌నే డిలీట్ చేస్తే? దాని కింద ఉన్నవన్నీ దాంతోపాటే వెళ్తాయి. ట్రాష్‌లో ఉన్నంతవరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. మామూలుగా ముప్పై రోజులు అందులో ఉంటాయి. నేను రెండో రాత్రే ఖాళీ చేశాను. అలా 38 ఫైళ్ల మీద నేను గీసుకున్నవి, పక్కన రాసుకున్నవి పోయాయి. 'గృహలక్ష్మి' ప్రకటనల మీద రాసుకున్న నోట్సు అందులోనే ఉంది. సబ్బులు, నూనెలు, కేసరి గారి సొంత మందు లోధ్ర ప్రకటన, అన్నీ సంచిక వారీగా గుర్తు పెట్టుకున్నాను. మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను. ఈసారి ఇంకా బాగా వస్తోందని గైడు గారికి చెప్పాను. అందులో సగమే నిజం.

ఇక ఆ గడి. ఎడిట్ మెనూలో సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్, దాని కింద ఫైళ్లు, ఫోల్డర్ల భాగంలో 'లింక్డ్ అటాచ్‌మెంట్ బేస్ డైరెక్టరీ' అని ఉంటుంది. పేరు చూస్తే ఇంజినీర్లకి తప్ప మనకి కాదనిపిస్తుంది. పని మాత్రం చాలా తేలిక. నా స్కాన్లన్నీ ఈ ఒక్క పెద్ద ఫోల్డర్ కిందే ఉంటాయని ముందే చెప్పడం. అప్పటి నుంచి జొటేరో పూర్తి చిరునామా రాసుకోదు. 'బేస్ ఫోల్డర్ లోపల ఫలానా ఫైలు' అని మాత్రమే రాసుకుంటుంది. డి ఇ అయినా, ఫోల్డర్‌ని మొత్తంగా వేరే డిస్కుకి మార్చినా, ఆ గడిలో కొత్త చోటు చూపిస్తే సరిపోతుంది. రెండు కంప్యూటర్లుంటే ఒక్కో దాంట్లో ఒక్కో చోటు చెప్పుకోవచ్చు. ఇంట్లో విండోస్‌లో డి డ్రైవ్, మావాడు ఇచ్చిన పాత ఉబుంటు లాప్‌టాప్‌లో హోం ఫోల్డర్, రెండింటి మధ్యా ఏ గొడవా లేదు. ఆ గడి నింపినప్పుడు ఆ ఫోల్డర్ కింద అప్పటికే ఉన్న లింకుల్ని కూడా కొత్త పద్ధతిలోకి మార్చేస్తుంది. మావాడు డి అక్షరం వెనక్కి తెచ్చాక చేసిన రెండో పని ఇదే. జొటేరో మొదలుపెట్టిన రోజే, మొదటి ఫైలు లింక్ చేయకముందే ఇది చేసుకోండి. బతిమాలుతున్నాను.

ఆ పెద్ద ఫోల్డర్ లోపల ఎలా సర్దాలన్నది తర్వాతి ప్రశ్న. మొదట్లో నేను పత్రిక పేరుతో ఒక ఫోల్డర్, దాంట్లో సంవత్సరం, దాంట్లో నెల పెట్టుకున్నాను. చూడ్డానికి లైబ్రరీ ర్యాకులా ఉండేది. కానీ ఒక ఫైలుని చోటు మార్చాలనిపించినప్పుడల్లా లింక్ తెగేది. ఎక్స్‌ప్లోరర్‌లో మనం మార్చిన సంగతి జొటేరోకి తెలియదు. ఫైలు కదిపినా, పేరు మార్చినా అంతే సంగతి. ఒక మంచి గుణం ఉంది. అదే పేరుతో ఫైలు బేస్ ఫోల్డర్ కింద ఇంకో చోట దొరికితే, 'ఇదేనా?' అని అడిగి తనే కలుపుతుంది, అలాగే ఇంకా ఏమైనా ఉంటే వాటిని కూడా కలపనా అంటుంది. అయినా ఆ ధైర్యంతో రోజూ ఫైళ్లు కదుపుతూ కూర్చోలేం.

ఇప్పుడు ఒకటే మెట్టు. పత్రికలకి ఒక ఫోల్డర్, పుస్తకాలకి ఒకటి, వ్యాసాలకి ఒకటి. అంతే, లోపల ఇంకేం లేవు. సర్దడమంతా జొటేరోలో కలెక్షన్లు, ట్యాగులతో. ఒకే సంచిక 'వితంతు వివాహం' కలెక్షన్‌లో, 'ప్రకటనలు' కలెక్షన్‌లో, 'రెండో అధ్యాయం' కలెక్షన్‌లో కనిపిస్తుంది, ఫైలు మాత్రం ఒక్కటే. ఫోల్డర్లతో ఆ పని చేయాలంటే మూడు కాపీలు పెట్టాలి. డిస్కులో ఫోల్డర్లు సర్దడం మీద నేను పెట్టిన శ్రద్ధలో సగం చదవడం మీద పెట్టి ఉంటే ఈపాటికి ఒక అధ్యాయం అయ్యేది.

పేర్ల సంగతి తెలుగువాళ్లకి ప్రత్యేకం, ఇది ఇంగ్లిష్ వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి వచ్చే డీఎల్‌ఐ స్కాన్ల పేరు 2015 చుక్క, ఆ తర్వాత ఆరంకెల నంబరు, దాని వెనక ఎవరో ఇంగ్లిష్ అక్షరాల్లో తోచినట్టు కొట్టిన తెలుగు పేరు, ఇలా ఉంటుంది. దాన్ని చదివి అది ఏ పుస్తకమో చెప్పగలిగితే మీకు దండం. జొటేరో 7లో ఎంట్రీ వివరాల్ని బట్టి ఫైలుకి పేరు తనే పెట్టే ఏర్పాటుంది. మామూలుగా రచయిత, సంవత్సరం, శీర్షికలో మొదటి వంద అక్షరాలు. లింక్ ఫైళ్లకి ఇది మొదట ఆఫ్ చేసి ఉంటుంది, సెట్టింగుల్లో లింక్ ఫైళ్ల పేర్లు కూడా మార్చమని విడిగా టిక్ పెట్టాలి. పెట్టాను. చక్కటి తెలుగు పేర్లు వచ్చాయి. మురిసిపోయాను.

ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఉబుంటులో వేస్తే కొన్ని ఎక్కలేదు. పేరు మరీ పొడుగంటుంది. విండోస్‌లో బాగానే ఉన్న పేరు ఇక్కడ పొడుగెలా అయింది? మావాడు లెక్క చెప్పాడు. విండోస్ పేరుని అక్షరాల్లో లెక్కపెడుతుంది, లైనక్స్ బైట్లలో. హద్దు 255. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగుకి మూడు. గుణింతం గుర్తుకి మూడు, పొల్లుకి మూడు విడిగా. 'శ్రీ' అని ఒక్క అక్షరం రాశామనుకుంటాం, కంప్యూటర్‌కి అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. నాలుగు మూళ్లు పన్నెండు. అంటే లైనక్స్‌లో తెలుగు పేరుకి దక్కేది మహా అయితే 85 గుర్తులు. మన పాత పుస్తకాల శీర్షికలు తెలుసు కదా, శీర్షికలోనే సగం ముందుమాట ఉంటుంది.

కాబట్టి పేరు మూస మార్చుకున్నాను. ముందు సంవత్సరం, తర్వాత షార్ట్ టైటిల్ గడిలో ఉన్నది, అంతే. పత్రికలకి ఆ గడిలో నేనే చిన్న పేరు రాస్తాను: 'హిసుం నవంబరు' అలా. ఫైలు పేరు ఫైలుని గుర్తుపట్టడానికే. పూర్తి వివరం ఎంట్రీలో ఉండనే ఉంది.

రచయితల పేర్లు ఇంకో తలనొప్పి. జొటేరో ఇంటిపేరుకి ఒక గడి, సొంత పేరుకి ఒక గడి ఇస్తుంది. భండారు అచ్చమాంబ అంటే 'భండారు' ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది, రచయిత పేరుతో ఫైలు పేరు పెట్టమంటే 'భండారు' అని మాత్రమే వస్తుంది. తెలుగులో ఎవరైనా ఆవిడని భండారు అంటారా? రెండు గడుల్ని ఒకటే గడిగా మార్చే చిన్న బటన్ పక్కనే ఉంది. తెలుగు రచయితలకి అది నొక్కి, పేరు మొత్తం మనం పిలిచినట్టే రాస్తున్నాను. థీసిస్‌లో గ్రంథసూచి కూడా అలాగే వస్తుంది, మా గైడు గారికి అదే కావాలి. ఇంగ్లిష్ పుస్తకాలకి మాత్రం రెండు గడులూ.

చేత్తో లింక్ చేయడం విసుగైతే ప్లగిన్లున్నాయి, అంటే జొటేరోకి తగిలించుకునే చిన్న పనిముట్లు. 6వ వెర్షన్ దాకా అందరూ జొట్‌ఫైల్ వాడేవాళ్లు, నేను కూడా. 2024 ఆగస్టులో 7 వచ్చాక అది పని చేయడం మానేసింది. ఉచితంగా రాసిపెట్టినవాళ్లని ఏమీ అనలేం, కానీ ఒక ప్లగిన్ మీద మొత్తం పద్ధతి కట్టుకుంటే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. ఇప్పుడు జొట్‌మూవ్ వాడుతున్నాను. బ్రౌజర్‌లోంచి ఏదైనా సేవ్ చేయగానే ఫైలుని బీరువాలోంచి తీసి నా ఫోల్డర్‌లోకి మార్చి, అక్కడికి లింక్ పెట్టేస్తుంది. దాంట్లో చెప్పే ఫోల్డర్, బేస్ డైరెక్టరీ గడిలో చెప్పే ఫోల్డర్ ఒకటే అయ్యేలా చూసుకోండి. అటాంజర్ అని ఇంకొకటి ఉంది, ఇలాంటి పనే చేస్తుంది. నేను వాడలేదు.

బ్యాకప్ కోసం నా స్కాన్ల ఫోల్డర్ గూగుల్ డ్రైవ్‌లో ఉంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. డ్రైవ్ సెట్టింగుల్లో స్ట్రీమింగ్ కాకుండా మిర్రర్ పెట్టుకుంటే ఫైళ్లు నిజంగా మన డిస్కులో ఉంటాయి. మా ఊళ్లో కరెంటు, నెట్ రెండూ కలిసి పోయే సాయంత్రాలుంటాయి కాబట్టి నాకు ఇది తప్పదు. రెండోది ఇంకా ముఖ్యం. స్కాన్ల ఫోల్డర్‌నే క్లౌడ్‌లో పెట్టాలి, జొటేరో సొంత డేటా ఫోల్డర్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ కాదు. అందులో ఉండే డేటాబేస్ ఫైలుని జొటేరో రాస్తుండగా క్లౌడ్ కూడా లాగుతుంటే అది పాడైపోయే ప్రమాదముంది. జొటేరో వాళ్లే గట్టిగా హెచ్చరిస్తారు. మా డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు అదే చేస్తున్నారు. చెప్పి చూశాను, ఏం కాలేదు కదా మేడం అంటున్నారు.

లింక్ ఫైళ్లు ఎవరికి వద్దో కూడా చెప్పాలి. ఫోనులో చదివేవాళ్లకి వద్దు. జొటేరో యాప్‌లో ఎంట్రీ కనిపిస్తుంది, లింక్ ఫైలు తెరుచుకోదు. వెబ్‌సైట్‌లో మన లైబ్రరీ తెరిచినా అంతే. బస్సులో గంటన్నర ప్రయాణం చేస్తాను, ఆ టైంలో చదువుకునే వీలు లేకపోవడం నాకు నిజంగా లోటే. అందుకని ఆ వారం చదవాల్సిన రెండు మూడు చిన్న వ్యాసాలు స్టోర్ చేసిన ఫైళ్లుగా పెట్టుకుంటాను, 300 ఎంబీ ఉచితం దానికి సరిపోతుంది. గ్రూపు లైబ్రరీల్లో లింక్ ఫైళ్లు అసలు కుదరవు. నలుగురు కలిసి ప్రాజెక్టు చేస్తుంటే దీని జోలికి రావద్దు. ఇవన్నీ తర్వాత తెలిసి మనసు మార్చుకున్నా ఇబ్బంది లేదు, టూల్స్ మెనూలో లింక్ ఫైళ్లన్నిటినీ స్టోర్ చేసినవిగా మార్చే ఆప్షన్ ఉంది.

ఇంకో చిన్న లోపం. జొటేరోలో లింక్ ఎంట్రీ డిలీట్ చేస్తే చిరునామా చీటీ పోతుంది, ఫైలు డిస్కులో అలాగే ఉంటుంది. మంచిదే, పొరపాటున ఫైలు పోదు. కానీ ఏ ఎంట్రీకీ చెందని అనాథ ఫైళ్లు పోగవుతాయి. వాటిని పట్టిచ్చే ఏర్పాటు జొటేరోతో రాదు. జాబ్‌రెఫ్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లింక్ లేని ఫైళ్లని వెతికి చూపించే సదుపాయం ఉంది, అది చూసి ఈర్ష్య పడ్డాను. కాకపోతే జాబ్‌రెఫ్ వర్డ్ బదులు లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసే లెక్కలవాళ్లకి, సైన్సువాళ్లకి బాగా నప్పుతుంది, నేను వర్డ్‌లో రాస్తాను. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ మెండలే కూడా చూశాను. పాత డెస్క్‌టాప్ మెండలేలో ఫైళ్లకి పేర్లు పెట్టి సర్దే పద్ధతి చాలా బాగుండేదని సీనియర్లు చెబుతారు. కొత్త దాంట్లో అది లేదు.

వెతుకులాట గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. జొటేరో పీడీఎఫ్ లోపలి మాటల్ని కూడా వెతుకుతుంది, లింక్ ఫైళ్లలో కూడా. కానీ లోపల మాటలుండాలి కదా. స్కాన్ అంటే ఫోటో. పాత అను ఫాంట్లలో టైపు చేసి చేసిన పీడీఎఫ్‌లైతే మనకి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. అది జొటేరో తప్పు కాదు. అందుకే ప్రతి సంచిక ఎంట్రీలో విషయ సూచిక టైపు చేసి ఒక నోట్ పెడతాను. సంచికకి పావుగంట పడుతుంది. దాని వల్లే 'వరకట్నం' అని కొడితే పదకొండు సంచికలు ముందుకొస్తున్నాయి.

రేటింగ్ ఇవ్వమంటే, లింక్ ఫైళ్ల మటుకు ఐదుకి నాలుగు. ఫోను విషయంలో సగం, ఆ బేస్ డైరెక్టరీ గడిని ఎవరికీ కనపడని మూల దాచినందుకు సగం తగ్గించాను. మొదటి లింక్ వేసినప్పుడే 'మీ ఫైళ్లన్నీ ఎక్కడుంటాయి?' అని ఒక్క మాట అడిగితే నాలాంటివాళ్లు బతికిపోతారు. జొటేరోకి మొత్తంగా అయితే ఐదుకి ఐదు. రూపాయి తీసుకోకుండా మూడేళ్లుగా పని చేస్తోంది, వర్డ్‌లో తెలుగు ఫుట్‌నోట్లు చక్కగా పెడుతోంది.

పోయిన 38లో ఇప్పటికి 24 సంచికలకి గీతలు, నోట్సు మళ్లీ చేశాను. ట్రాష్ జోలికి వెళ్లట్లేదు. మావాడు దసరాకి వస్తానన్నాడు, అనాథ ఫైళ్లని పట్టుకునే చిన్న స్క్రిప్ట్ రాసిస్తానన్నాడు. వాడికి అరిసెలు చేసి పెట్టాలి.